14 ఏళ్ల తర్వాత ఆరో భాగం: పాత ఫార్ములాకి నిజంగా ప్రాణం వచ్చిందా?

అర్ధరాత్రి_ఆట
హాలీవుడ్ హారర్ సిరీస్ 'ఫైనల్ డెస్టినేషన్'లో ఆరో భాగం 'బ్లడ్‌లైన్స్' ఇప్పటికి చూశాను. 2011లో అయిదో భాగం వచ్చాక 14 ఏళ్లు ఆగి 2025లో వదిలారు. ఈ సిరీస్‌లో దేనికీ రానంత మంచి రివ్యూలు దీనికి వచ్చాయి. ఎవర్ని అడిగినా 'ఫ్రెష్‌గా ఉంది' అంటున్నారు. ఎక్కడ ఫ్రెష్‌గా ఉందో నాకు చూపించండి. మొదట్లో ఘోర ప్రమాదం, అది ఒకరికి ముందే కనిపించడం, కొందరు తప్పించుకోవడం, ఆ తర్వాత మృత్యువు లిస్టు ప్రకారం వరసగా ఒక్కొక్కరూ పోవడం. 2000లో విమానం, 2003లో హైవే, 2006లో రోలర్ కోస్టర్, 2009లో రేస్ ట్రాక్, 2011లో వంతెన. ఇప్పుడు టవర్ మీద రెస్టారెంటు. ప్రమాదం జరిగే చోటు మారింది, అంతేగా? ఇన్నేళ్లు ఆగి తీసే సీక్వెల్‌లో సరుకు ఉంటుందా, లేక కాలేజీ రోజులు గుర్తొచ్చి మనమే ఈలలు వేస్తున్నామా? స్పాయిలర్లు ధారాళంగా రాయండి, నాకు ఇబ్బంది లేదు.

పరిశీలకుడు
మీకు లేదు, మిగతావాళ్లకి ఉంటుంది. చూడనివాళ్లు ఇక్కడితో ఆగిపోండి. కింద అన్నీ చెప్పేస్తారు.

గోదారి_గట్టు
రూల్ మారలేదు, లిస్టు మారింది. నా దృష్టిలో అది చిన్న మార్పు కాదు. ఇంతకుముందు అయిదింటిలో చచ్చేవాళ్లంతా ఒకే ప్రమాదంలో పడ్డ స్నేహితులో, ఆఫీసు వాళ్లో, దారిన పోయేవాళ్లో. ఇక్కడ 1968లో ఐరిస్ అనే అమ్మాయి ఆ టవర్ రెస్టారెంటులో ఉన్న అందర్నీ బయటికి పంపించేసింది. ఒకరిద్దర్ని కాదు, అందర్నీ. వాళ్లని వరసగా లాక్కుపోవడానికి మృత్యువుకి దశాబ్దాలు పట్టింది. ఈలోపు వాళ్లకి పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, మనవలు పుట్టారు. లెక్క ప్రకారం ఆ పిల్లలు ఎవరూ పుట్టనే కూడదు. అందుకని వాళ్లూ లిస్టులోకి వచ్చేశారు.
అంటే కథకి ఆ మధ్య కాలం కావాలి. వెంటనే తీసే సీక్వెల్‌లో ఇది చెప్పడం కుదరదు.

కరీంనగర్_కుర్రాడు
అన్నా, వాళ్లు ఆగింది 14 ఏళ్లు. కథలో గడిచింది 50 ఏళ్ల పైన. 2013లో తీసినా ఇదే కథ చెప్పొచ్చు. ఆలస్యానికీ దీనికీ సంబంధం ఏముంది?

గోదారి_గట్టు
@కరీంనగర్_కుర్రాడు చెప్పొచ్చు, కానీ చెప్పలేదుగా. 2009 తర్వాత రెండేళ్లకే ఇంకోటి దింపారు. వరసగా తీసేటప్పుడు 'ఈసారి ఎక్కడ ప్రమాదం పెడదాం' అనేదే ఆలోచన. ఆగినప్పుడే 'అసలు ఎవరి మీదికి వస్తుంది' అన్న ప్రశ్న దాకా వెళ్లారు.

విశాఖ_సౌమ్య
నాకు నచ్చింది కూడా ఆ కుటుంబమే. పాత భాగాల్లో ఎవరు పోయినా నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు, ఎలా పోతారా అని మాత్రమే చూసేదాన్ని. ఇందులో ఇంటి వెనకాల బార్బిక్యూ పెట్టుకుని కూర్చుంటే, ఆ మేనమామ గారి మీద కాస్త ప్రేమ పుట్టింది. ఆ తర్వాత గడ్డి కోసే మిషన్ వచ్చి... సరే, వద్దులెండి, భోజనాల వేళ.

హైవే_హరి
ఈ సినిమాల వల్ల నాకు మిగిలింది ఒక్కటే. ఇనుప చువ్వలు బయటికి పొడుచుకొచ్చి, చివర ఎర్ర గుడ్డ కట్టిన లారీ ముందు కనబడితే స్పీడు తగ్గించి దాన్ని పోనిస్తాను. మా ఆవిడ 'దాటెయ్యండి' అంటుంది, నేను దాటను. రెండో భాగంలో దుంగల లారీ చూసినవాడెవడూ దాటడు.

విశాఖ_సౌమ్య
@హైవే_హరి మా దగ్గర సరుగుడు కర్రల లోడ్లు. చీకట్లో లైట్లు కూడా ఉండవు. మా నాన్న ఈ సినిమాలేవీ చూడలేదు, అయినా దూరంగానే ఉంటారు.

ఎడిట్_టేబుల్
బార్బిక్యూ సీన్ గురించి సౌమ్య గారు చెప్పిన దానికి ఒక మాట కలుపుతాను. అసలు కొత్తదనం అక్కడ ఉంది, కథలో కంటే ఎక్కువగా. సీన్‌లో ఐసు ముక్కల్లో ఒక గాజు పెంకు పడుతుంది. ట్రాంపోలిన్ కింద పళ్లు పైకి ఉన్న గడ్డి పార ఒకటి ఉంటుంది. మనకి ఈ రెండూ చూపిస్తారు, సీన్‌లో ఎవరూ చూడరు. ఇంక ప్రతి గ్లాసూ, ప్రతి గెంతూ మనకి టెన్షనే. పిల్ల గెంతుతుంటే హాల్లో ఊపిరి బిగబట్టారు. తీరా ప్రమాదం మనం చూస్తున్న చోట్నించి రాదు.
ఈ సిరీస్‌లో కత్తి పట్టుకుని తిరిగే హంతకుడు లేడు. ముసుగు లేదు, దెయ్యం లేదు. కాబట్టి దర్శకుడి దగ్గర ఉన్న ఆయుధం ఒక్కటే: దేన్ని ఎంతసేపు చూపించాలి, ఎప్పుడు కట్ చెయ్యాలి. నాలుగో భాగం త్రీడీ మోజులో ఆ ఓపిక వదిలేసింది, వస్తువులు మన ముఖం మీదికి విసరడమే పని. ఇందులో దర్శకులు జాక్ లిపోవ్‌స్కీ, ఆడమ్ స్టైన్ ఆ ఓపిక మళ్లీ తెచ్చారు. వీళ్లిద్దరూ ఈ సినిమా అవకాశం కోసం స్టూడియో వాళ్లతో జూమ్ కాల్‌లో మాట్లాడుతూ, వెనకాల మంట అంటుకున్నట్టు, దాన్ని ఆర్పాక సీలింగ్ ఫ్యాన్ పడి ఒకరి తల తెగినట్టు ఎఫెక్టులు పెట్టి చూపించారట. ఉద్యోగం రాకుండా ఎలా ఉంటుంది?

పాత_క్యాసెట్
ఇంటర్వ్యూలో తల పోగొట్టుకుంటే ఉద్యోగం వస్తుందని తెలియక మేము రెజ్యూమెలు దిద్దుకున్నాం.

అర్ధరాత్రి_ఆట
@ఎడిట్_టేబుల్ అది బాగా తీయడం అవుతుంది, కొత్తగా చేయడం ఎలా అవుతుంది? మొదటి భాగంలో బాత్‌రూమ్ సీన్ గుర్తుందా? నేల మీద నీళ్లు పాకుతూ రావడం, కుర్రాడు జారడం, బట్టల తీగ మెడకి చుట్టుకోవడం. ఆ ఓపిక అప్పుడే ఉంది. పోయిన సొత్తు తిరిగి తెచ్చుకున్నారు, సంతోషం. దానికి 'రిఫ్రెష్' అని పేరు పెట్టాలా?

ఎడిట్_టేబుల్
పోయినదాన్ని తేవడం కూడా తక్కువ పనేం కాదు. చాలామంది తేలేకపోతున్నారు. అయినా మీకు కొత్తదే కావాలంటే టాటూ షాపు సీన్, దాని తర్వాతి కథ చూడండి. ఆ ఇంట్లో కుర్రాడు ఎరిక్ ముక్కు రింగుకి గొలుసు తగులుకుని, మంటలు లేచి, అంతా అయిపోయిందనుకుంటాం. బతికి వస్తాడు. ఎందుకంటే వాడు ఆ బార్బిక్యూ పెద్దాయన సొంత కొడుకే కాదు, లిస్టులోనే లేడు! మనకి ఈ ఫార్ములా కంఠతా వచ్చు కాబట్టే ఆ జోక్ పేలింది. రూల్ తెలియనివాడికి ఆ సీన్ మామూలు అగ్ని ప్రమాదం.

చిట్టెమ్మ_మనవరాలు
అందరూ 'కుటుంబం మొత్తం మీదికి మృత్యువు రావడం కొత్త ఐడియా' అంటుంటే నవ్వొస్తోంది. తాత చేసినదానికి మనవలు అనుభవించడం మనకి కొత్తా? వంశానికి శాపం, ఏడు తరాల దోషం, మగపిల్లలు నిలవకపోవడం. జానపద సినిమాల నుంచి సీరియళ్ల దాకా ఇదేగా! హాలీవుడ్‌కి పాతికేళ్లు పట్టింది మా చిట్టెమ్మ మామ్మ చెప్పే కథ దాకా రావడానికి.

డాలస్_బాబాయ్
@చిట్టెమ్మ_మనవరాలు హహ్హహ్హ, నిజమే అమ్మాయ్. కానీ ఒక తేడా ఉంది. మన శాపానికి విమోచనం ఉంటుంది. గుడి కట్టిస్తేనో, నిధి తిరిగి పెడితేనో, ఆఖరికి నిమ్మకాయలు కోస్తేనో పోతుంది. శాపానికి కారణం కూడా ఉంటుంది, ఎవరో ఎవరికో అన్యాయం చేసి ఉంటారు. ఇక్కడ ఐరిస్ చేసిన పాపం ఏమిటి? జనాన్ని బతికించడం. దానికి శాంతి లేదు, హోమం లేదు. మృత్యువుకి కోపం కూడా లేదు, ఖాతా సరిచేసుకుంటోంది. అందుకే నాకు మన శాపాల కంటే ఇదే ఎక్కువ భయం.

చిట్టెమ్మ_మనవరాలు
ఐరిస్ మామ్మ అడవిలో చుట్టూ కంచె కట్టుకుని, పదునైన వస్తువు దగ్గరికి రాకుండా ముసలితనం దాకా బతికింది కదా. అదే హోమం అనుకోండి బాబాయ్ గారూ. బయటికి అడుగు పెట్టింది, అయిపోయింది.
కానీ ఒప్పుకుంటాను, ఆమె కూతురితో సంబంధం తెగిపోవడం బాగా రాశారు. కాపాడాలనే భయంతో పిల్లల్ని ఊపిరాడనివ్వని తల్లి. ఆ కూతురు కూడా అదే భయంతో తన పిల్లల్ని వదిలేసి పోయింది. దెయ్యం కంటే ఆ భయమే తరాలు దాటింది.

స్కానింగ్_శీను
నేను రేడియాలజీలో పని చేస్తాను కాబట్టి ఎమ్మారై సీన్ గురించి మాట్లాడాల్సిందే. సినిమాలో బటన్ మీద ఏదో పడగానే మిషన్ పవరు పెరిగి లోహాలన్నీ లాక్కుంటుంది. నిజంగా అలా ఉండదు. ఆ అయస్కాంతం రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది. ద్రవ హీలియంతో చల్లబరిచిన తీగచుట్టలు అవి, స్కాన్ లేనప్పుడు ఆపే అలవాటు లేదు. మామూలుగా ఆసుపత్రుల్లో ఉండేవి 1.5 లేదా 3 టెస్లావి (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత). ఎరిక్ ఒంటి మీద రింగులు అయస్కాంతానికి అంటుకునే లోహమైతే, మిషన్ దగ్గరికి వెళ్తుండగానే లాగడం మొదలయ్యేది, బటన్ దాకా ఆగక్కర్లేదు.
చక్రాల కుర్చీ ఎగిరి వచ్చి అతుక్కోవడం మాత్రం అబద్ధం కాదు. ఆక్సిజన్ సిలిండర్ తెస్తామని వాదించే అటెండర్లకి ఈ సీన్ చూపించాలని ఉంది.

కరీంనగర్_కుర్రాడు
మొత్తం థ్రెడ్‌లో నన్ను భయపెట్టిన పోస్టు ఇదే. వచ్చే వారం మా అమ్మకి ఎమ్మారై ఉంది.

స్కానింగ్_శీను
@కరీంనగర్_కుర్రాడు కంగారు పడకు తమ్ముడూ. గాజులు, గొలుసు, పిన్నీసులు అన్నీ తీసి లోపలికి పంపు, ఒంట్లో పేస్‌మేకర్, క్లిప్పు, రాడ్డు లాంటివి ఏమున్నా ముందే చెప్పు. చప్పుడు ఎక్కువ ఉంటుంది, అంతే.

పాత_క్యాసెట్
థ్రెడ్ లేటు సీక్వెల్ గురించి కాబట్టి పెద్దవాళ్ల సంగతి కూడా మాట్లాడుకుందాం. అందరూ 2018 'హాలోవీన్'తో ఇది మొదలైందనుకుంటారు. 1960 'సైకో'కి 1983లో రెండో భాగం వచ్చింది, 23 ఏళ్లకి. అప్పటికి హిచ్‌కాక్ చనిపోయి మూడేళ్లు. పేరు చెడగొట్టడానికే తీశారని అందరూ అనుకున్నారు. కానీ దర్శకుడు రిచర్డ్ ఫ్రాంక్లిన్ తెలివిగా ఆ 22, 23 ఏళ్లనే కథ చేసుకున్నాడు. మొదటి భాగంలో హంతకుడైన నార్మన్ బేట్స్ మానసిక చికిత్స పూర్తయి విడుదలై ఇంటికి వస్తాడు. బాగుపడదామని నిజంగా ప్రయత్నిస్తాడు, లోకం బాగుపడనివ్వదు. మొదటి భాగంలో మనం ఎవర్ని చూసి భయపడ్డామో, రెండో భాగంలో అతని కోసం భయపడతాం. నార్మన్‌గా చేసిన ఆంథొనీ పెర్కిన్స్ ముఖంలో వచ్చిన వయసు ఏ మేకప్పూ తేలేదు.
గోదారి_గట్టు చెప్పింది ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. మధ్యలో గడిచిన కాలాన్ని కథలో వాడుకున్నవి నిలబడ్డాయి. పోస్టర్ మీద మాత్రమే వాడుకున్నవి పడ్డాయి.

అర్ధరాత్రి_ఆట
@పాత_క్యాసెట్ అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలా? 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'టెక్సస్ చైన్సా మాసకర్' చూడండి. 1974లో తప్పించుకున్న శాలీని మళ్లీ తెచ్చారు. ఇన్నేళ్లూ ఆ హంతకుడి కోసమే కాచుకుని ఉందన్నారు. గడిచిన కాలాన్ని కథలో పెట్టినట్టేగా? ఏమైంది? వచ్చింది, పోయింది. ఎవరికీ గుర్తు లేదు.

పాత_క్యాసెట్
అది 2018 'హాలోవీన్'ని చూసి కొట్టిన కాపీ. అందులో 1978 మొదటి భాగంలో హంతకుడి నుంచి తప్పించుకున్న లారీ స్ట్రోడ్ (జేమీ లీ కర్టిస్) 40 ఏళ్లు భయంతో బతికింది, తుపాకులు నేర్చుకుంది, కూతురితో చెడింది. సినిమా సగం ఆ ఇంటి గొడవే. టెక్సస్‌లో శాలీ ఫోన్ ఎత్తి టోపీ పెట్టుకుని బయల్దేరడం తప్ప ఆమె బతుకు గురించి ఒక్క ముక్క లేదు. పైగా మొదటి శాలీ మార్లిన్ బర్న్స్ 2014లోనే పోయారు, వేరే నటి చేశారు. జేమీ లీ కర్టిస్‌ని మళ్లీ చూసినప్పుడు కలిగేది ఇక్కడ ఎలా కలుగుతుంది?

అర్ధరాత్రి_ఆట
సరే, ఆ 2018 'హాలోవీన్' దర్శకుడు డేవిడ్ గోర్డన్ గ్రీనే 2023లో 'ఎక్సార్సిస్ట్: బిలీవర్' తీశాడు. 50 ఏళ్లకి మొదటి 'ఎక్సార్సిస్ట్'లో తల్లిగా చేసిన ఎలెన్ బర్‌స్టిన్‌నే వెనక్కి తెచ్చారు, అసలు నటినే. మూడు సినిమాల హక్కుల కోసం సుమారు 40 కోట్ల డాలర్లు పోశారని వార్తలు. మొదటిదే బోల్తా కొట్టింది, తర్వాతి భాగం పక్కన పెట్టేశారు. మీ సూత్రం ప్రకారం ఇది ఆడాలి.

ఎడిట్_టేబుల్
ఆమెని తెచ్చి ఏం చేశారు? కాసేపట్లో కళ్లు పొడిపించి మంచం ఎక్కించారు. తెచ్చారంతే, వాడుకోలేదు. ఒక పిల్ల బదులు ఇద్దరు పిల్లలు, ఒక ఫాదర్ బదులు అన్ని మతాల వాళ్లు. లెక్క రెట్టింపు చేస్తే భయం రెట్టింపు అవుతుందా? మొదటి దాంట్లో ఆ గదిలో ఇద్దరే పూజారులు, చలికి నోట్లోంచి పొగ. బిలీవర్‌లో గది నిండా జనం, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులా.

డాలస్_బాబాయ్
😂😂 మెయింటెనెన్స్ కట్టనివాళ్లకే దెయ్యం పట్టింది.

విశాఖ_సౌమ్య
ఎవరూ '28 ఇయర్స్ లేటర్' ఎత్తలేదేం? 2002 '28 డేస్ లేటర్' తీసిన దర్శకుడు డానీ బాయిల్, రచయిత అలెక్స్ గార్లాండ్ ఇద్దరూ తిరిగొచ్చారు. అప్పుడు చిన్న డిజిటల్ కెమెరాతో తీసినట్టే ఇప్పుడు చాలా భాగం ఐఫోన్లతో తీశారు. పోటు తగ్గితేనే నడిచి దాటగలిగే దారి, దాని అవతల దీవిలో బతుకుతున్న ఊరు. బయటి లోకం వీళ్లని వదిలేసి ముందుకెళ్లిపోయింది. నాకు పిచ్చిగా నచ్చింది. మా తమ్ముడు మాత్రం 'జాంబీ సినిమా అని తీసుకెళ్లి చావు గురించి క్లాసు పీకించావు' అని ఇంకా తిడుతున్నాడు.

కరీంనగర్_కుర్రాడు
మీ తమ్ముడు నా పార్టీ అక్కా. ఆఖర్లో ట్రాక్‌సూట్లు వేసుకుని దూకే గ్యాంగ్ ఏంటసలు? వేరే సినిమా రీలు కలిసిపోయిందేమో అనుకున్నా.
నా బాధ ఇది. ఎక్కువ మారిస్తే 'ఇది మా సినిమా కాదు' అంటాం, మార్చకపోతే 'పాతదే' అంటాం. బ్లడ్‌లైన్స్ ఆ రెంటికీ మధ్య సన్నని గట్టు మీద నడిచింది. అందుకే అందరికీ నచ్చింది. అందుకే గొప్ప సినిమా కూడా కాలేదు. 28 ఇయర్స్ నాకు నచ్చలేదు కానీ, ధైర్యం ఎవరిది అంటే దానిదే.

హైవే_హరి
నువ్వు వయసుకు మించి మాట్లాడుతున్నావ్ కుర్రాడా.

గోదారి_గట్టు
'ఈవిల్ డెడ్ రైజ్' కూడా చెప్పుకోవాలి. అడవిలో చెక్క ఇల్లు తీసేసి లాస్ ఏంజిలిస్‌లో పాడుబడ్డ అపార్ట్‌మెంట్‌కి మార్చారు. ఊరికి దూరంగా పోతేనే ప్రమాదం అనే మాట పోయింది, లిఫ్టు పాడైతే చాలు. అక్కడ కూడా దెయ్యం పట్టేది తల్లికి, వేటాడేది సొంత పిల్లల్ని. ఈ మధ్య నిలబడ్డ లేటు సీక్వెల్స్‌లో ఎక్కువ ఇంట్లోవాళ్ల చుట్టూనే తిరుగుతున్నాయి. నాకైతే ఇంకో రెండేళ్లలో ఇదే కొత్త అరిగిపోయిన ఫార్ములా అవుతుందనిపిస్తోంది.

రాజమహల్_రాము
మన సంగతి మాట్లాడరా? 'చంద్రముఖి' 2005, రెండోది 2023. 18 ఏళ్లు! దర్శకుడు కూడా పి. వాసు గారే. మధ్యలో 2010లో వెంకటేశ్‌తో 'నాగవల్లి' కూడా ఆయనే తీశారు. మళ్లీ అదే బంగళా, అదే మూసిన గది, అదే నాట్యం, అదే వడివేలు కామెడీ. మొదటి దాంట్లో కిక్కు ఎక్కడుంది? దెయ్యం ఉందో, గంగకి జబ్బో తెలియకపోవడంలో. జ్యోతిక కళ్లు పెద్దవి చేసి మంచం లేపినప్పుడు అది జబ్బు అని తెలిశాక ఇంకా భయమేసింది. రెండో దాంట్లో నేరుగా దెయ్యమే అని చెప్పేశారు. ఇంక భయపడటానికి ఏముంది?

డాలస్_బాబాయ్
మూలం 1993 మలయాళం 'మణిచిత్రతాళు'. అందులో శోభన పాత్రకి ఉన్న బాధే కథ. దాన్ని తీసేసి నగలూ గదీ మాత్రమే మళ్లీ మళ్లీ తీస్తున్నారు. హిందీలో 'భూల్ భులయ్యా 2' కూడా 15 ఏళ్లకి నేరుగా దెయ్యం దారే పట్టింది, అయినా ఆడింది రామూ. కామెడీ కుదిరింది కాబట్టి.

రాజమహల్_రాము
ఆడటం వేరు బాబాయ్, భయపెట్టడం వేరు. దానికి ఎవరూ భయపడలేదు.

అర్ధరాత్రి_ఆట
ఆడటం అన్నారు కాబట్టి. బ్లడ్‌లైన్స్ ప్రపంచవ్యాప్తంగా 28 కోట్ల డాలర్ల పైమాటే, సిరీస్‌లో అన్నిటికంటే ఎక్కువ. కానీ దాన్ని కొత్తదనానికి సాక్ష్యంగా చూపించకండి. దీనికి ముందు రికార్డు నాలుగోదానికి ఉండేది. అందరూ చెత్త అని తిట్టే త్రీడీ భాగమే!

ఎడిట్_టేబుల్
ఆ పాయింటు మీకే ఇచ్చేస్తున్నాను.

విశాఖ_సౌమ్య
వసూళ్లు పక్కన పెట్టండి. టోనీ టాడ్ సీన్ గురించి ఎవరూ మాట్లాడకపోవడం అన్యాయం. మొదటి భాగం నుంచి ఆ శవాల గదిలో కనిపించి 'మృత్యువుకి ఒక ప్లాన్ ఉంది' అని భయపెట్టే మనిషి. ఆయనకి ఇవన్నీ ఎలా తెలుసో ఇన్ని భాగాల్లో చెప్పలేదు. ఇందులో చెప్పారు: 1968లో ఆ టవర్‌లో ఐరిస్ కాపాడిన చిన్న పిల్లాడు ఆయనే. షూటింగ్ నాటికే ఆయనకి ఒంట్లో బాగాలేదు, బక్కచిక్కి కనిపిస్తారు. చివరి మాటలు స్క్రిప్టు వదిలేసి మీకు తోచింది అభిమానులతో చెప్పండి అని దర్శకులు ఆయనకే వదిలేశారట. బతికిన ప్రతి క్షణాన్నీ ఆస్వాదించమని చెప్పి లేచి వెళ్లిపోతారు. 2024 నవంబర్‌లో పోయారు, సినిమా విడుదల చూడలేదు. ఇది పాత జ్ఞాపకాన్ని అమ్ముకోవడం అంటే నేను ఒప్పుకోను.

అర్ధరాత్రి_ఆట
ఆ సీన్‌కి నేనూ వంక పెట్టను. సినిమాలో అసలైన భయం నాకు అక్కడే అనిపించింది, ఎందుకంటే అది నటన కాదు.
కానీ ఆఖర్లో రైలు పట్టాలు తప్పి, మళ్లీ దుంగలు దొర్లుకుంటూ వచ్చి అక్కాతమ్ముళ్లని చంపడం? అంత కష్టపడి కుటుంబాన్ని కట్టి, చివరికి రెండో భాగానికి సలాం కొట్టి ముగించారు. ఐరిస్ మనవరాలు స్టెఫనీ గుండె అసలు ఆగలేదు కాబట్టి లెక్క చెల్లలేదనే మెలిక వరకు బాగుంది. దాన్ని అక్కడ ఆపేస్తే రాత్రంతా నిద్ర పట్టేది కాదు. దుంగలు రాగానే హాలంతా నవ్వులు. నా ఫిర్యాదు ఇదే మరి. కొత్తది చేతిలో ఉండి కూడా ధైర్యం చాలక పాత దాని దగ్గరికే పరిగెత్తారు.

హైవే_హరి
దుంగల జోలికి రావద్దు. హాల్లో ఈల వేసినవాళ్లలో నేనున్నాను.

గోదారి_గట్టు
ముగింపు గురించి మీతో ఏకీభవిస్తాను. ఈ సిరీస్‌లో అన్నిటికంటే మంచి ముగింపు ఇప్పటికీ అయిదోదే. బతికిపోయామనుకుని ఎక్కిన విమానం మొదటి భాగంలోని 180 అని తెలిసే క్షణం. అక్కడా పాత భాగానికే ముడి పెట్టారు, కానీ ఆ ముడితో కథే తిరగబడింది. ఇక్కడ దుంగల బదులు పియానో పడినా తేడా లేదు.

చిట్టెమ్మ_మనవరాలు
పియానో మొదట్లోనే పడిందిగా, ఆ పైసా కొట్టేసిన దొంగ పిల్లాడి మీద. దానికి మాత్రం నేను పగలబడి నవ్వాను. నరకానికి పోతానేమో.

కరీంనగర్_కుర్రాడు
ఇంతకీ అయిదోది ఎక్కడ దొరుకుతుంది? నేను ఒకటి, రెండు, ఆరు మాత్రమే చూశాను.

పాత_క్యాసెట్
నాలుగు వదిలెయ్, మూడూ అయిదూ చూడు. అయిదు చూసేముందు ఎవరినీ ఏమీ అడగకు... అరె, పైన చెప్పేశారు కదా గోదారి_గట్టు!

పరిశీలకుడు
హెచ్చరిక మొదట్లోనే పెట్టాం, ఫిర్యాదులు తీసుకోం. చంద్రముఖి, నాగవల్లి మీద రిపోర్టులు ఎక్కువవుతున్నాయి, రాము గారూ, దానికి వేరే థ్రెడ్ తెరిచాను. మిగతా వాదన అక్కడ కొనసాగించండి.